పద్దు పుస్తకం పిల్లల చేతికివ్వండి

ఇంటర్ చదివే పిల్లలకి పెట్రోలు ధర తెలుసు, ఫోన్ రీఛార్జి ఎంతో తెలుసు. పసిబిడ్డకి నెలకెంతవుతుందో అడిగి చూడండి. "పాలే కదమ్మా, ఎంతవుతుందేం?" అంటారు.

పెళ్ళికాని పిల్లల దగ్గర ఈ మాటలేమిటి అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20 నుంచి 24 ఏళ్ళ స్త్రీలను అడిగితే, 18 నిండకుండానే పెళ్ళయినవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మంది, తెలంగాణలో 23 మందికి పైనే తేలారు. ఆ ఈడులో ఒళ్ళో బిడ్డ ఉంటే ఇల్లెలా గడుస్తుందో ముందే తెలియద్దూ? ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకీ!

మా పెద్దమ్మాయి తొలి పురిటికి వచ్చినప్పుడు మా చిన్నవాడు ఇంటర్ రెండో ఏడు. "ఒరేయ్, మేనమామవయ్యావుగా, బిడ్డ పద్దు నువ్వే రాయాలి" అని ఓ నోటుబుక్కు ఇచ్చాను. సామాను తేవడమూ వాడే. మొదటి వారంలోనే కళ్ళు తేలేశాడు. డయాపరు ఒకటి 12 రూపాయల చొప్పున రోజుకి 8 వాడితే 96, నెలకి 2,880! వాడే వచ్చి నా పాత నూలుచీరలు అడిగి పట్టుకెళ్ళాడు. గుడ్డలకి ఖర్చు లేదు నిజమే, ఉతకాలిగా? ఆ పనీ వాడికే అప్పజెప్పాను. రెండు రోజుల్లో, రాత్రిపూటకి డయాపర్లే నయమని రాజీకొచ్చాడు.

పుట్టగానే వేసే బి.సి.జి., పోలియో చుక్కలు, ఆ తర్వాత 6, 10, 14 వారాలకి వేసే పెంటావాలెంట్ టీకా ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. ప్రైవేటులో ఎంతో కనుక్కు రమ్మన్నాను. డబ్బాపాల ధరా చూసి రమ్మన్నాను. మూడు నెలల బిడ్డకి పూర్తిగా పోతపాలే అయితే 400 గ్రాముల డబ్బా మూడు, నాలుగు రోజులకి మించి రాదు. లెక్క కట్టి, "అక్క పాలిస్తోంది కాబట్టి ఇదంతా మనకి మిగిలినట్టే" అన్నాడు.

అక్కడ పట్టుకున్నాను వాణ్ణి. పుట్టిన బిడ్డకి రోజుకి 8 నుంచి 12 సార్లు పాలివ్వాలి. సారికి అరగంట వేసుకున్నా 4 నుంచి 6 గంటలు! అందులో సగం నిద్ర చెడగొట్టుకునే గంటలు. మా అమ్మాయికి ఉద్యోగం ఉంది కనుక 2017 చట్ట సవరణ పుణ్యమా అని 26 వారాల జీతంతో సెలవొచ్చింది. మరి కూలికెళ్ళే తల్లికో? ఆ రాని కూలి ఖర్చు కాదా? పుస్తకంలో ఇంకో గడి గీయించాను, 'ఎవరి గంటలు' అని. అక్క, అమ్మ, అక్క, అక్క, అమ్మ... ఇలా నిండింది. శని, ఆదివారాల్లో అల్లుడుగారి పేరు ఒకటి రెండుసార్లు కనిపించింది.

ఒక్క జాగ్రత్త. ఇలా లెక్కలు రాస్తుంటే పిల్లలు తప్పకుండా అడుగుతారు, "నాకెంతయిందమ్మా?" అని. "నీకు పోసిన డబ్బుతో మేడ కట్టేవాళ్ళం" అని మాత్రం అనకండి. మాటవరసకి అన్నా వాళ్ళ మనసులో అప్పుపత్రంలా ఉండిపోతుంది. మావాడు అడిగితే, వాడికి నెలల పిల్లాడప్పుడు జబ్బుచేసి నా గాజులు తాకట్టు పెట్టిన సంగతి, ఏడాదికి విడిపించుకున్న సంగతి కథలా చెప్పాను. "ఏవి, ఈ గాజులేనా?" అని చెయ్యి పట్టుకుని చూశాడు.

ఇంట్లో పురుడు లేకపోతే ఎదురింటి బాలింతరాలికి సామాను తెచ్చిపెట్టమనండి. నెలాఖరుకి ఆ మొత్తాన్ని మీ ఇంటి అద్దె, కరెంటు బిల్లు పక్కన రాయించి, మీవారి జీతంలోంచి తీసేయమనండి.

ఆ నోటుబుక్కు ఇప్పుడు మా అమ్మాయి దగ్గరుంది. అత్తగారు రెండో బిడ్డ మాటెత్తినప్పుడల్లా 'ఎవరి గంటలు' పేజీ తీసి వాళ్ళాయన ముందు పెడుతోందట.