మన పేరున ఏమి రాసి ఉన్నదో మనమే చూసుకోవాలి

ప్రభుత్వ కార్యాలయంలో మనిషిని అతని ముఖం చూసి గుర్తించరు, అతని పేరున ఉన్న కాగితం చూసి గుర్తిస్తారు. దస్త్రాల మధ్య ఉద్యోగకాలమంతా గడిపిన మా వంటి వారికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. రేషను కార్డు, ఓటరు జాబితా, స్కాలర్‌షిప్పు, వక్ఫ్ ఆస్తుల విషయంలో మన సముదాయం కొంతవరకు మేల్కొన్నది. కానీ ప్రతిరోజూ రోడ్డు మీద పుడుతూ, మనకు తెలియకుండానే పెరుగుతున్న మరొక దస్త్రం ఉన్నది. అది చలానాల దస్త్రం, డ్రైవింగు లైసెన్సుల దస్త్రం. దాని ప్రస్తావన మన మస్జిద్ కమిటీలలో గాని, మన సభలలో గాని వినబడదు.

రామచంద్రపురం వంటి పట్టణంలో ఇది చిన్న విషయం కాదు. మన కుటుంబాలలో ఎందరికో ఆటోయే పొలం, ఆటోయే దుకాణం. పండ్ల వ్యాపారికి ట్రాలీ, మెకానిక్కుకు మోటారు సైకిలు లేనిదే పొయ్యి వెలగదు. అటువంటి ఇంట్లో బండి ఒక వారం పోలీసు స్టేషను ఆవరణలో నిలిచిపోతే పిల్లల ఫీజు ఆగిపోతుంది, అప్పు పెరుగుతుంది. అందుకే ఈ దస్త్రాన్ని చదవడం, సరిచేయించడం, పరిష్కరించుకోవడం కూడా హక్కుల పనిలో భాగమేనని మేము భావిస్తున్నాము.

దస్త్రం ఒకచోట లేదు

మన ఊరి స్థితి కొంత చిత్రమైనది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు మన పట్టణం తూర్పుగోదావరి నుంచి కోనసీమ జిల్లాలో చేరింది. పాత బండ్ల మీద ఏపీ 05 ఉన్నది. 2019 తరువాత కొన్న వాటి మీద రాష్ట్రమంతటికీ ఒకటే అయిన ఏపీ 39 కనబడుతుంది. అమలాపురం పోవాలంటే కోటిపల్లి రేవులో పంటు ఎక్కాలి, లేదా యానాం మీదుగా ఎదుర్లంక వంతెన దాటాలి, కాదంటే రావులపాలెం చుట్టు తిరగాలి. యానాం పుదుచ్చేరిలో భాగం. అంటే మన డ్రైవరు ఒక్క ప్రయాణంలోనే రెండు ప్రభుత్వాల పోలీసుల కళ్ళ ముందు నుంచి పోతాడు. అక్కడ రాసిన చలానా మన రాష్ట్ర పోలీసుల జాబితాలో వెతికితే కనబడకపోవచ్చు.

చలానాను పోలీసు శాఖ రాయవచ్చు, రవాణా శాఖా రాయవచ్చు. కాబట్టి రాష్ట్ర పోలీసుల ఈ-చలానా జాబితాను, కేంద్ర ప్రభుత్వపు పరివాహన్ ఈ-చలానా జాబితాను రెండింటినీ చూడాలి. పరివాహన్‌లో బండి నంబరుతో పాటు ఛాసిస్ లేదా ఇంజను నంబరులోని చివరి అయిదు అంకెలు ఇవ్వాలి. లైసెన్సు నంబరుతోనూ వెతకవచ్చు. లైసెన్సు వివరాలు 'సారథి'లో, బండి రిజిస్ట్రేషను, బీమా, ఫిట్‌నెస్ వివరాలు 'వాహన్'లో ఉంటాయి. ఒకచోట ఏమీ కనబడలేదని నిశ్చింతగా కూర్చోరాదు.

రసీదు లేని రెండు వందలు

మన యువకులు తరచుగా ఒక మాట అంటారు: టోపీ, గడ్డం చూసి మమ్మల్నే ఆపుతున్నారని. ఆ బాధను మేము తేలికగా తీసుకోము. అయితే వెంటనే ఒక ప్రశ్న వేస్తాము. ఎన్నిసార్లు ఆపారు, ఏ తేదీన, ఏ కూడలిలో, ఏ కారణం చెప్పి? దీనికి జవాబు ఉండదు. ఎందుకంటే అనేక సందర్భాలలో వ్యవహారం రెండు వందల రూపాయలతో నోటి మాటగా ముగిసిపోతుంది. అది అప్పటికి ఊరట అనిపిస్తుంది. కానీ రసీదు లేని ఆ రెండు వందలు తప్పునూ చెరిపేస్తాయి, అన్యాయాన్నీ చెరిపేస్తాయి. రేపు ఫిర్యాదు చేద్దామంటే చేతిలో ఒక్క చీటీ ఉండదు.

బలవంతుడికి పలుకుబడి ఉన్నది. బలహీనుడికి ఉన్నది కాగితమే. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకొమ్మని ఆదేశించిన ఆయతే ఖుర్ఆన్‌లో అన్నిటికంటె పెద్ద ఆయతు అని మన ఇమాములు చెబుతూనే ఉంటారు. ఆ శ్రద్ధ రోడ్డు మీద కూడా ఉండాలి. తప్పు చేస్తే చలానా రాయమని అడగాలి. లైసెన్సును స్వాధీనం చేసుకుంటే దానికి రసీదు ఇవ్వవలసిన బాధ్యతను మోటారు వాహనాల చట్టం 206వ సెక్షను అధికారి మీద ఉంచింది. ఆ రసీదును మర్యాదగా, కాని తప్పకుండా అడిగి తీసుకోవాలి.

ఈ మాట తప్పును సమర్థించడానికి కాదు. 2019 సవరణ తరువాత హెల్మెట్ లేకపోతే 1000 రూపాయలు, లైసెన్సు లేకుండా నడిపితే 5000 రూపాయలు, బీమా లేకుంటే తొలిసారి 2000 రూపాయలు జరిమానాగా చట్టంలో ఉన్నాయి. హెల్మెట్ లేనందుకు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత కూడా ఉన్నది. ఈ నియమాలు అందరి ప్రాణాల కోసం పెట్టినవి. వాటిలో మనకు మినహాయింపు అడగడం లేదు. దస్త్రంలో న్యాయం మాత్రమే అడుగుతున్నాము.

పేరులో తేడా, యజమానిలో తేడా

మన దరఖాస్తులను చూసినప్పుడల్లా మాకు ఎదురయ్యే మొదటి చిక్కు పేరు. ఆధార్‌లో 'షేక్' అని పూర్తిగా, లైసెన్సులో 'ఎస్‌కే' అని, రిజిస్ట్రేషను పత్రంలో ఆ ముక్కే లేకుండా ఉంటుంది. 'మహమ్మద్' ఒకచోట 'ఎండి', ఇంకొకచోట 'మొహమ్మద్'. ఒకే మనిషి మూడు కాగితాలలో ముగ్గురవుతాడు. మామూలు రోజులలో ఇది ఎవరికీ పట్టదు. ప్రమాదం జరిగి బీమా సొమ్ము కోసం వితంతువు నిలబడిన రోజున ఆ తేడా గోడలా అడ్డు నిలుస్తుంది. 2019లో వాహనమిత్ర పేర 10 వేల రూపాయలు, 2025 అక్టోబరులో మొదలైన 'ఆటో డ్రైవర్ల సేవలో' పథకం కింద 15 వేల రూపాయలు ప్రభుత్వం ఇచ్చినప్పుడు కూడా బండి, లైసెన్సు, పేరు ఒకదానితో ఒకటి సరిపోవడమే అర్హతకు ఆధారం.

రెండవ చిక్కు ఇంకా ప్రమాదకరం. మనలో బండ్లు చేతులు మారతాయి, కాగితాలు మారవు. నమ్మకం మీద అమ్ముతాము, నమ్మకం మీద కొంటాము. ఒకే రాష్ట్రంలో అమ్మినవారు 14 రోజులలో, కొన్నవారు 30 రోజులలో రవాణా శాఖకు తెలియజేయాలని చట్టం 50వ సెక్షను చెబుతున్నది. అలా చేయకపోతే ఏమవుతుందో 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బండి ఎన్ని చేతులు మారినా, రిజిస్ట్రేషనులో ఎవరి పేరున్నదో అతడే యజమాని, ప్రమాద పరిహారపు బాధ్యత అతనిదే. ఎప్పుడో అమ్మిన ఆటో వేరే ఊళ్ళో ఒకరిని ఢీకొంటే నోటీసు మన గడపకే వస్తుంది. చలానాలూ మన పేరునే పేరుకుంటాయి.

తల్లిదండ్రులకు ఇక్కడే ఒక హెచ్చరిక. బండి తల్లి పేరున కొని, పద్దెనిమిదేళ్ళు నిండని కొడుకు చేతికి తాళం ఇచ్చే అలవాటు ఉన్నది. 199ఎ సెక్షను ప్రకారం మైనరు నేరం చేస్తే సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ళ వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా ఉన్నాయి. బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు దొరకదు. గల్ఫులో డ్రైవరు ఉద్యోగం మీద ఆశ పెట్టుకున్న ఇంటికి ఇంతకంటె నష్టం ఏముంటుంది? అక్కడి దేశాలలోనూ దస్త్రమే ప్రధానం. ఎమిరేట్స్‌లో ఏడాదిలో 24 నల్ల పాయింట్లు చేరితే లైసెన్సు నిలిపివేస్తారు. బకాయి ఉన్న ట్రాఫిక్ జరిమానాలు కట్టనిదే విదేశీయులు దేశం విడిచి పోరాదని కువైట్ 2023 ఆగస్టులో నియమం పెట్టింది.

తప్పు చలానా వస్తే

ముందు చలానాలోని ఫోటోను చూడాలి. బండి మనదేనా, నంబరులో ఒక అంకె అటూ ఇటూ అయిందా, ఆ రోజున ఆ చోట మనం ఉన్నామా అని పరిశీలించాలి. మనది కాని చలానాను 'పోనీలే' అని కట్టరాదు. కట్టడమంటే ఆ నేరాన్ని ఒప్పుకొని రాజీ చేసుకోవడమే. ఫోటో ప్రతి, రిజిస్ట్రేషను పత్రం ప్రతి జతపరచి, చలానా జారీ చేసిన కార్యాలయానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రెండవ ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టవచ్చు. 30 రోజులలో సమాధానం ఇవ్వాలి. కెమెరాతో పట్టుకున్న ఉల్లంఘనకు 15 రోజులలోపు నోటీసు పంపాలని 2021 ఆగస్టులో కేంద్రం నియమం చేసిన సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

చలానా నిజమే అయితే వాయిదా వేయరాదు. పొరుగు రాష్ట్రమైన తెలంగాణలో 2022లోను, 2023 డిసెంబరులోను పాత చలానాలకు భారీ రాయితీలు ఇచ్చారు. అది చూసి మనకూ వస్తుందని ఎదురుచూస్తూ కూర్చుంటే బండి పట్టుబడే రోజు ముందుగా వస్తుంది. రాజీకి వీలైన కేసులను లోక్ అదాలత్‌లో ముగించుకోవచ్చు. అక్కడి తీర్పు తుది తీర్పు, కోర్టు ఫీజు ఉండదు. న్యాయ సహాయం కావలసినవారికి 15100 నంబరు ఉన్నది.

మరొక మాట. 'మీకు చలానా పడింది' అంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపి బ్యాంకు ఖాతా ఊడ్చే మోసం విస్తరించింది. ఆ ఫైలును ముట్టుకోరాదు. సొమ్ము పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి.

తెలిసిన హక్కే దక్కుతుంది

చట్టం మనకు అనుకూలంగా ఉన్నచోట కూడా తెలియక నష్టపోతున్నాము. తేలికపాటి వాహనపు లైసెన్సు ఉన్నవారు 7500 కిలోలకు మించని రవాణా వాహనాన్ని వేరే అనుమతి అవసరం లేకుండా నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు చెప్పింది. ఆ లైసెన్సు ఉన్న డ్రైవరు చిన్న సరుకుల బండి నడిపాడన్న ఒక్క సాకుతో బీమా సంస్థ పరిహారం ఎగవేయజాలదు. ఈ ఒక్క తీర్పు తెలిసి ఉంటే ఎన్ని కుటుంబాలు నిలబడతాయో ఆలోచించాలి. అలాగే రవాణా వాహనపు లైసెన్సు అయిదేళ్ళకే ముగుస్తుందని, గడువు దాటి ఏడాది గడిస్తే మళ్ళీ పరీక్షకు హాజరు కావాలని ఎంతమందికి తెలుసు?

మా ప్రతిపాదన ఇది. ప్రతి మస్జిద్ కమిటీ నెలకొక శుక్రవారం జుమా నమాజు తరువాత ఒక గంట ఈ పనికి కేటాయించాలి. చదువుకున్న యువకులు ఇద్దరు, ఒక కంప్యూటరు, ఒక రిజిస్టరు చాలు. బండి నంబరు, లైసెన్సు గడువు, బీమా గడువు, ఫిట్‌నెస్ గడువు, పెండింగు చలానాలు ఇంతే రాసుకోవాలి. ఆధార్ ప్రతులు ఉంచుకోరాదు, ఎవరి ఓటీపీ అడగరాదు. ఆ సమాచారం అమానత్. మస్జిదుకు రాలేని స్త్రీల పేరున ఉన్న బండ్ల కోసం ఇంటికి వెళ్ళి చూడాలి. ఏ మతం వారు వచ్చినా కాదనరాదు. ఆటో స్టాండులో అందరి కష్టం ఒకటే.

ప్రభుత్వాన్ని అడగవలసినవీ ఉన్నాయి. చలానా నోటీసు తెలుగులో ఉండాలి. తప్పు చలానాపై ఫిర్యాదును వార్డు సచివాలయంలోనే స్వీకరించి రసీదు ఇవ్వాలి. పేర్ల సవరణకు మండల స్థాయిలో ఏడాదికి రెండుసార్లయినా శిబిరాలు పెట్టాలి. ఒక్క అక్షరం దిద్దించుకోవడానికి ఆటో డ్రైవరు ఒక రోజు సంపాదన వదులుకొని గోదావరి దాటవలసిన అగత్యం ఉండరాదు.

ఈ కోరికలతో అధికారుల ముందుకు వెళ్ళే రోజున మన చేతిలో ఆ రిజిస్టరు ఉండాలి. ఎన్ని పేర్లు తప్పుపడ్డాయి, ఎన్ని చలానాలు మనవి కావు, ఎన్ని ఫిర్యాదులకు జవాబు రాలేదు అన్నది తేదీలతో సహా చూపగలిగితే మన మాటను తోసిపుచ్చడం ఎవరికీ సులభం కాదు. వచ్చే శుక్రవారమే మొదటి పేజీ రాయడం ప్రారంభిద్దాం.