పేరు లేని జెర్సీ

ఉస్మానియా వర్సిటీ, ఆంధ్రా వర్సిటీ... మనకు వర్సిటీ అంటే విశ్వవిద్యాలయమే. అదే అమెరికా కుర్రాడు 'నేను వర్సిటీకి ఆడుతున్నా' అన్నాడంటే మాత్రం అర్థం వేరు. యూనివర్సిటీ అన్న మాటలోంచే పుట్టినా, అక్కడ ఆ పేరు విద్యాసంస్థ అధికారిక జట్టుకే చెల్లుతుంది. అందులో చోటు దొరకడమే ఓ పెద్ద విజయం. దొరికిన చోటు రాత్రికిరాత్రి పోతే? స్టాన్‌ఫోర్డ్‌లో 240 మందికి పైగా క్రీడాకారులకు ఆ పరిస్థితే ఎదురైంది.

మూడు మెట్లు

అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఆటలకు మూడు మెట్లుంటాయి. అన్నిటికన్నా కింద ఇంట్రామ్యూరల్‌. ఈ హాస్టల్‌ వాళ్లూ ఆ హాస్టల్‌ వాళ్లూ సాయంత్రం పూట సరదాగా తలపడటమన్నమాట. గెలిచినా ఓడినా గొడవలేదు.

రెండోది క్లబ్‌. వీళ్లు బయటి విద్యాసంస్థలతోనూ పోటీపడతారు. కానీ జట్టును నడుపుకునేది విద్యార్థులే. అధ్యక్షుడూ వాళ్లలోవాడే, కోశాధికారీ వాళ్లలోవాడే. విశ్వవిద్యాలయం కొంత డబ్బిస్తుంది. మిగతాది చందాలు వేసుకునో, టీషర్టులు అమ్మో పోగుచేసుకోవాలి. పక్క ఊళ్లో పోటీ ఉంటే వ్యాను అద్దెకు తీసుకుని, వంతులవారీగా నడుపుకుంటూ వెళ్లాల్సిందే.

పైమెట్టు వర్సిటీ. జీతాలకు పనిచేసే కోచ్‌లు, ఫిజియోలు, ప్రయాణ ఖర్చులు, చాలాచోట్ల స్కాలర్‌షిప్‌లు... అన్నీ ఉంటాయి. దాంతోపాటే కట్టుబాట్లూ ఉంటాయి. కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ నిబంధనల ప్రకారం సీజన్‌లో సాధన వారానికి 20 గంటలు దాటకూడదు. ఒకరోజు సెలవివ్వాలి. చదువులో వెనకబడితే మైదానంలోకి అడుగుపెట్టనివ్వరు. అన్నిచోట్లా ఒకే పద్ధతి అనుకోవడానికీ లేదు. హార్వర్డ్‌, యేల్‌ లాంటి ఐవీ లీగ్‌ సంస్థలు ఆట చూసి స్కాలర్‌షిప్‌లు ఇవ్వవు.

పడవలతో మొదలు

ఈ కాలేజీ పోటీలు ఇప్పటివి కావు. 1852లో న్యూహ్యాంప్‌షైర్‌లోని ఓ సరస్సులో హార్వర్డ్‌, యేల్‌ విద్యార్థులు పడవల పందెం వేసుకున్నారు. అమెరికాలో రెండు విద్యాసంస్థలు తలపడిన తొలి పోటీ అదే. తర్వాత ఫుట్‌బాల్‌ వచ్చింది. ఆ మొరటు ఆటలో విద్యార్థుల ప్రాణాలే పోతుంటే 1905లో అధ్యక్షుడు థియోడర్‌ రూజ్‌వెల్ట్‌ కల్పించుకోవాల్సి వచ్చింది. ఆ మరుసటి ఏడాది పుట్టిన సంఘమే నేటి ఎన్‌సీఏఏ. 1972లో వచ్చిన 'టైటిల్‌ నైన్‌' చట్టం అమ్మాయిలకూ ఈ మైదానాల తలుపులు బార్లా తెరిచింది.

మన తెలుగువాళ్లూ ఆ దారిన వెళ్లారు. విశాఖలో టెన్నిస్‌ నేర్చుకున్న సాకేత్‌ మైనేని అలబామా విశ్వవిద్యాలయ జట్టుకు ఆడాడు. తర్వాత 2014 ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్‌ డబుల్స్‌ స్వర్ణం అందుకున్నాడు.

ఒక్క ప్రకటనతో...

ఇక స్టాన్‌ఫోర్డ్‌ సంగతి. టెన్నిస్‌లో మెకన్రో, గోల్ఫ్‌లో టైగర్‌ వుడ్స్‌, ఈతలో కేటీ లెడెకీ... అంతా అక్కడ చదివినవాళ్లే. ఆటలన్నిటిలో కలిపి మేటిగా నిలిచిన విశ్వవిద్యాలయానికిచ్చే డైరెక్టర్స్‌ కప్‌ను 2018-19 వరకూ వరసగా పాతికేళ్లు గెలుచుకుంది. అలాంటిచోట 2020 జులై 8న ఓ ప్రకటన వెలువడింది. మొత్తం 36 వర్సిటీ క్రీడల్లో 11 ఎత్తేస్తున్నామన్నది దాని సారాంశం. కుస్తీ, ఫెన్సింగ్‌, మహిళల హాకీ, పురుషుల వాలీబాల్‌, స్క్వాష్‌, రోయింగ్‌, సెయిలింగ్‌ లాంటివన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. 22 మంది కోచ్‌ల కొలువులకూ ముప్పొచ్చింది. అప్పటిదాకా ఆ 11 క్రీడలు 20 జాతీయ టైటిళ్లు, 27 ఒలింపిక్‌ పతకాలు తెచ్చాయని అదే ప్రకటనలో రాశారు!

కారణం డబ్బే. మూడేళ్లలో లోటు దాదాపు ఏడు కోట్ల డాలర్లకు చేరుతుందని లెక్కతేలింది. అదీ కొవిడ్‌ దెబ్బను కలుపుకొని. ఈ 11 క్రీడలను శాశ్వతంగా నిలపాలంటే 20 కోట్ల డాలర్లకు పైగా కావాలన్నారు. స్కాలర్‌షిప్‌లు ఆపబోమన్నారు. 2020-21 సీజన్‌ వరకూ ఆడుకోండి, ఆపైన కావాలంటే క్లబ్‌గా కొనసాగండి అన్నారు. పద్నాలుగేళ్లప్పటి నుంచి ఆ జట్టు కోసమే కలలుగన్న పిల్లలకు ఆ మాట ఎలా ఉంటుంది? ఒలింపిక్స్‌ను లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లు కోచ్‌ లేకుండా, చందాలు పోగుచేసుకుంటూ సాధన చేయాలన్నమాట.

నల్ల దుస్తుల్లో ఛాంపియన్‌

2021 మార్చి... సెయింట్‌ లూయిస్‌లో ఎన్‌సీఏఏ కుస్తీ పోటీలు. స్టాన్‌ఫోర్డ్‌ మల్లయోధుడు షేన్‌ గ్రిఫిత్‌ బరిలోకి దిగాడు. ఒంటిమీద నల్లటి దుస్తులు. వాటిమీద విశ్వవిద్యాలయం పేరు లేదు, గుర్తూ లేదు. మమ్మల్ని వద్దనుకున్నవాళ్ల పేరు మాకెందుకు అన్నట్టుగా! 165 పౌండ్ల విభాగంలో అతను ఫైనల్‌ గెలిచాడు. స్టాన్‌ఫోర్డ్‌ చరిత్రలో కుస్తీలో అది రెండో వ్యక్తిగత టైటిల్‌ మాత్రమే. ఆ తర్వాత 'స్టాన్‌ఫోర్డ్‌ కుస్తీని నిలపండి' అన్న అర్థమొచ్చే చొక్కా వేసుకుని కెమెరాల ముందు నిలబడ్డాడు.

అప్పటికే పూర్వ విద్యార్థులు చేతులు కలిపారు. విరాళాల హామీలు పోగుచేశారు. క్రీడాకారులు కోర్టుకెక్కారు. చివరికి 2021 మే 18న విశ్వవిద్యాలయం వెనక్కి తగ్గింది. ఆర్థిక పరిస్థితి మెరుగైందనీ, విరాళాలపై నమ్మకం కలిగిందనీ చెప్పి 11 క్రీడలనూ కొనసాగిస్తామంది.

ఇకముందు?

కథ సుఖాంతమే కానీ భయం పోలేదు. పెద్ద విశ్వవిద్యాలయాల్లో డబ్బు తెచ్చేది ప్రధానంగా ఫుట్‌బాల్‌, బాస్కెట్‌బాలే. ఆ రాబడిలోంచే చిన్న ఆటల ఖర్చు గడుస్తుంది. 2021 జులై నుంచి క్రీడాకారులు తమ పేరుమీద ప్రకటనల ద్వారా సంపాదించుకునే వీలొచ్చింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో విశ్వవిద్యాలయాలే వాళ్లకు నేరుగా డబ్బు చెల్లించవచ్చు. 2025-26కు ఆ పరిమితి ఒక్కో సంస్థకు సుమారు 2.05 కోట్ల డాలర్లు. ఆడేవాళ్లకు అందులో వాటా దక్కడం న్యాయమే. కానీ అందులో సింహభాగం ఆ రెండు ఆటలకే వెళ్తే, కుస్తీకీ ఈతకూ మిగిలేదెంత అన్నదే కోచ్‌ల బెంగ.

ఆటల్లో రాణిస్తున్న పిల్లల్ని అమెరికా పంపాలనుకునే తల్లిదండ్రులు స్కాలర్‌షిప్‌ ఎంతో అడిగితే చాలదు. ఆ ఆట అక్కడ వర్సిటీనా, క్లబ్బా? దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారు? ఒకవేళ ఆటే ఎత్తేస్తే స్కాలర్‌షిప్‌ మాటేమిటి? ఇవన్నీ ముందే అడిగి తెలుసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం... జట్టు లేకపోయినా ఆ చదువు అక్కడే చదవాలని పిల్లలకు అనిపిస్తుందా అన్నది.