నివురు చాటున పుట్టే నక్షత్రాలు

వందల్లో, వేలల్లో గెలాక్సీలు ఒకే గురుత్వాకర్షణకు కట్టుబడి తిరిగే గుచ్ఛాలను చాలాకాలం ముసలి నక్షత్రాల నెలవులుగానే లెక్కగట్టారు. అందుకు కారణమూ ఉంది. గుచ్ఛమంతా నిండి ఉండే వాయువు కోట్ల డిగ్రీల వేడిలో ఉంటుంది. అందులోకి దూసుకొచ్చిన గెలాక్సీ తన చల్లని వాయువును పోగొట్టుకుంటుంది. ముడిసరుకు పోయాక కొత్త నక్షత్రాలు పుట్టవు. మనకు దగ్గర్లోని కోమా గుచ్ఛం నడిబొడ్డున కనిపించేది అదే. కానీ కంటికి కనిపించే కాంతి ఒక్కదాన్నే నమ్మి, దూరపు గుచ్ఛాలకూ అదే తీర్పు ఇస్తే లెక్క తప్పుతుంది. ఆ లెక్కను సరిచేయగల దూర పరారుణ టెలిస్కోపు అంతరిక్షంలో నేడు ఒక్కటీ పనిచేయకపోవడం ఇంకా పెద్ద లోటు.

కొత్తగా పుట్టిన భారీ నక్షత్రం ఎక్కువగా అతినీలలోహిత కాంతిని వెదజల్లుతుంది. చుట్టూ కమ్ముకున్న సన్నని ధూళి ఆ కాంతిని మింగేస్తుంది. అలా మింగినా ధూళి వేడి మైనస్ 240 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. ఆ కాస్త వెచ్చదనాన్నే అది 100 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర పరారుణ కాంతిగా వదులుతుంది. మామూలు టెలిస్కోపుకు నల్లటి మరకగా కనిపించే చోటే నిజానికి పురిటిగది. 1995లో యూరప్ పంపిన ఐఎస్‌ఓ టెలిస్కోపు, అబెల్ 1689 గుచ్ఛాన్ని 15 మైక్రాన్ల దగ్గర చూసింది. అక్కడ నక్షత్రాలు పుట్టే వేగం కనిపించే కాంతిలోని ఆక్సిజన్ వర్ణపట రేఖ చెప్పినదానికి దాదాపు పది రెట్లని తేలింది. అంటే పదింట తొమ్మిది వంతులు ధూళి చాటునే జరుగుతోందన్నమాట. మహావిస్ఫోటం జరిగిన 140 కోట్ల ఏళ్లకే 14 గెలాక్సీలు కిక్కిరిసి ఉన్న ఒక గుచ్ఛపు తొలిరూపాన్ని 2018లో ప్రకటించారు. అక్కడ ఏటా వేల సూర్యులకు సరిపడా పదార్థం నక్షత్రాలవుతోంది. మన పాలపుంతలో అది ఒకటి రెండు సూర్యుల పాటిది.

ధూళిని కాచే ఆ వేడి నక్షత్రాలది కాదు, గెలాక్సీ నడుమ ఉన్న కృష్ణబిలానిది కావచ్చు కదా అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 15 మైక్రాన్ల కొలతకున్న బలహీనత అదే. కృష్ణబిలం పక్కనున్న ధూళి వందల డిగ్రీలకు కాగుతుంది కాబట్టి దాని వెలుగు 10, 20 మైక్రాన్ల దగ్గర ఎక్కువ. 100 మైక్రాన్లు దాటాక మిగిలేది చాలావరకు నక్షత్రాలు కాచిన ధూళి వెలుగే. అందుకే దూర పరారుణంలో కొలవాలి. జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఉందిగా అంటే, అది చూసేది 28 మైక్రాన్ల వరకే. చిలీలోని ఆల్మా టెలిస్కోపు చూపు సుమారు 300 మైక్రాన్ల దగ్గర మొదలవుతుంది. విశ్వానికి ఇప్పటి వయసులో సగం కూడా నిండని కాలం నాటి గుచ్ఛాల ధూళి వెలుగు మనకు చేరేసరికి, విశ్వం వ్యాకోచించడం వల్ల, 200 మైక్రాన్లకు సాగుతుంది. సరిగ్గా ఆ రెండింటి మధ్య ఖాళీలో పడుతుంది. భూమ్మీద నుంచి చూద్దామంటే గాలిలోని నీటి ఆవిరి దాన్ని అడ్డగిస్తుంది.

ఆ ఖాళీని పూడ్చిన హెర్షెల్ టెలిస్కోపులో పరికరాలను చల్లబరిచే ద్రవ హీలియం 2013 ఏప్రిల్‌లో అయిపోయింది. తర్వాత రావాల్సిన స్పైకాను 2020లో పక్కన పెట్టేశారు. అద్దాన్ని గడ్డకట్టే చలిలో ఉంచడం ఖర్చుతో కూడిన పనే, కాదనను. కానీ దూర పరారుణంలో చూసే విద్య భారత్‌కు కొత్త కాదు. టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్‌ఆర్) శాస్త్రవేత్తలు మీటరు వెడల్పు అద్దమున్న దూర పరారుణ టెలిస్కోపును హైదరాబాద్ నుంచే బెలూన్లకు కట్టి పైకి పంపారు. పాలపుంతలోని కార్బన్ వెలుగును 158 మైక్రాన్ల దగ్గర కొలిచారు. నాసా 2024లో అధ్యయనానికి ఎంచుకున్న ప్రైమా లాంటి టెలిస్కోపు ఎప్పుడు ఖరారైనా, అందులో డిటెక్టర్ల తయారీ దగ్గర్నుంచే చోటు కావాలని భారత్ గట్టిగా అడగాలి.