‘ఏల?’ యను ప్రశ్న

సోంపేట బజారునకు తండ్రివెంట నడచివచ్చు పల్లెటూరి బాలుడు దారిపొడుగునను ప్రశ్నలు వేయుచునే యుండును. జీడిగింజ పండులోపల నుండక వెలుపల నేల వ్రేలాడుచున్నది? సముద్రము కూతవేటు దూరముననే యుండగా ఇసుకలో త్రవ్విన నూతియందు తియ్యని నీరెట్లు ఊరుచున్నది? తండ్రి మొదటి ప్రశ్నకు తోచిన జవాబు చెప్పును; రెండవదానికి నవ్వి యూరకుండును; మూడవదానికి ‘నోర్మూసుకొని నడు’ అనును. పాఠశాలలో ఉపాధ్యాయుడు మొదటి ప్రశ్నకే యా మాట యనును. బాలుడు పెద్దవాడగునప్పటికి ప్రశ్నించుట మానివేయును. వాడు బుద్ధిమంతుడయ్యెనని మనము సంతసింతుము. ఆ దినమున మన మేమి పోగొట్టుకొంటిమో లెక్కించువారు లేరు.

జిజ్ఞాస పండితుల సొత్తనియు, క్రొత్తదానిని కల్పించుశక్తి కవులకును శిల్పులకును మాత్రమే దైవమిచ్చిన వరమనియు మనలో నొక యపోహ పాతుకొనియున్నది. మే మట్లు తలంపము. నాగలి పట్టువాడును, రాట్నము త్రిప్పునామెయు, బడిపంతులును తమ నిత్యకృత్యములలోనే క్రొత్తదారులు త్రొక్కగలరు. అట్టి దారికి మొదటి మెట్టు ‘ఇది యిట్లేల యున్నది?’ యను చిన్నప్రశ్న. ప్రశ్న పుట్టినచోట నుపాయము పుట్టును. ప్రశ్న నణచినచోట వాడుక మాత్రమే మిగులును.

మన జిల్లాలోని పొందూరును చూడుడు. అచ్చటి సన్నని ఖద్దరు గాంధీమహాత్ముని మెప్పు పొందినదని యెల్ల రెరుగుదురు. ఆ సన్నదనమునకు మూలమైన పనిముట్లలో నొకటి వాలుగచేప దవడ యెముక. దానియందలి సూక్ష్మములైన పండ్లతో ప్రత్తిని దువ్వి, మలినములను తొలగించి, నూలుపోగులను వరుసకు తెచ్చుట పొందూరి స్త్రీల నేర్పు. వంటయింట కూరయైపోయిన పిమ్మట పారవేయదగిన యెముకను చేతబట్టి ‘ఇది దువ్వెనవలె నున్నదే! ప్రత్తికి పనికివచ్చునా?’ యని మొదట తలచిన చేతికి ఏ విశ్వవిద్యాలయమును పట్టమీయలేదు. ఆ పేరు శాసనముల కెక్కలేదు. కాని యా తలంపు నేటికిని పొందూరిలో పనిచేయుచున్నది.

ఉద్దానపు తోటయు నట్టిదే. కొబ్బరిచెట్ల నీడను వృథాపుచ్చక, పనస, జీడి, అరటి మొదలగువానిని పొరలుపొరలుగా పెంచుట యొక్కనాటి యాలోచన కాదు. ఏ నీడలో నేది బ్రతుకునో, దేని ప్రక్క నేది యెదుగునో తరతరములుగా పరికించినవారి పని యది. 2018 అక్టోబరు 11వ తేదీని తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటి యా తోటలను కూల్చినపుడు, క్రొత్తగా నాటిన కొబ్బరి కాపునకు వచ్చువరకు నీ నేల నింకేమి పండునను ప్రశ్న ప్రతిరైతు నెదుటను నిలిచెను. అట్టివేళ పరికించు నలవాటున్నవానికి దారి తోచును. లేనివాడు వలసబండి యెక్కును.

ఇక నీ ప్రాంతమునకే చెందిన మహనీయుని జీవితము మా మాటకు పెద్దసాక్ష్యము. గిడుగు వేంకట రామమూర్తి 1863లో వంశధార యొడ్డున, శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించెను. 1880లో, అనగా పదునేడేండ్ల ప్రాయమున, టెక్కలికి వాయవ్యమున కొండల యంచుననున్న పర్లాకిమిడిలో బడిపంతులయ్యెను. ముఖలింగాలయపు గోడలమీది శాసనము లందరికిని కనబడునవే. జనులు వానికి నమస్కరించి పోవుచుండిరి. రామమూర్తి వానిలో నేమి వ్రాసియున్నదో తెలిసికొనగోరి, ప్రాచీనలిపులను స్వయముగా నభ్యసించి చదివెను. కొండలనుండి సవరలు దిగివచ్చుట అందరు చూచినదే. పట్టణమువారు వారితో బేరమాడిరి. వారి మాట విని నవ్విరి. ఈ పంతు లొక్కడు ఆ మాట నేర్వదలచెను. తెలుగు తెలిసిన సవర నొకనిని తన యింటనే యుంచుకొని, అతనిని గురువుగా భావించి, పలుకు పలుకును వ్రాసికొనెను.

ఈ కుతూహలమువలన నతనికి కలిగిన లాభమేమి? కొండలలో తిరుగుటచే వచ్చిన చలిజ్వరమునకు క్వినైను సేవించి వినికిడి కోల్పోయెను. జనుల పలుకును చెవియొగ్గి వినుటయే వ్రతముగా గొన్నవానికి చెవులే పోయెను! అయినను పని మానలేదు. సవరలకు వారి భాషలోనే వాచకములు వ్రాసెను. తన ద్రవ్యముతో బడులు పెట్టెను. అతడు రచించిన సవరభాషా వ్యాకరణమును 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువును 1938లోను మద్రాసు ప్రభుత్వము ప్రకటించెను. బజారున వినబడిన యొక తెలియనిమాట యొక జాతికి వ్యాకరణముగను, నిఘంటువుగను, పాఠశాలలుగను పరిణమించుటకు అర్ధశతాబ్దము పట్టినది.

ఇట్టివానికి మరియొక ప్రశ్న యెదురయ్యెను. 1906 ప్రాంతమున నుత్తరపు జిల్లాల పాఠశాలలను పరీక్షించుటకు వచ్చిన యేట్సు దొర, పుస్తకములలోని తెలుగు జనుల నోటి తెలుగునకు వేరుగా నుండనేలయని యడిగెను. పరదేశీయునకు వింతగా తోచిన యీ సంగతి మనవారి కేల తోచలేదు? అలవాటైనదానిని మనము చూడము. చూడనిదానిని గూర్చి యడుగము. కాని యొకసారి వినబడినంతనే ఆ ప్రశ్నను రామమూర్తియు, ఆయన సహాధ్యాయియగు గురజాడ అప్పారావును తమదిగా జేసికొనిరి. 1919లో ‘తెలుగు’ అను పత్రికను స్థాపించి రామమూర్తి యావజ్జీవము పోరాడెను. ఆ మహానుభావుని పొగడుచు, ఆయన యెదిరించిన గ్రాంథికముననే మేము వ్రాయుచున్నందుకు పాఠకులు నవ్వుదురేని నవ్వుదురుగాక. మా పాతయలవాటును గూర్చియు నట్టి ప్రశ్న రావలసినదే.

‘ప్రశ్నలవలన కడుపు నిండునా?’ యని కొందరు పెద్దలు పరిహసింతురు. వారికి సోంపేట చరిత్రనుండియే జవాబు చెప్పవచ్చును. ఈ యూరి చెంతనున్న బీలయను తడినేలను విద్యుత్కేంద్రమునకు కేటాయించునపుడు, కాగితములు దానిని పనికిరాని నేలగా పేర్కొనెను. ఆ నేలను ప్రతిదినము చూచుచున్న రైతులును, జాలరులును ‘పనికిరానిదని యెవరు చూచి చెప్పిరి?’ అని యడిగిరి. దాని నీరు ఏ పొలములకు పారునో, అందేచేపలు దొరకునో, ఏ పక్షులు వచ్చునో వారెరుగుదురు. 2010 జులై 14వ తేదీని జరిగిన పోలీసు కాల్పులలో నిరువురు ప్రాణములు విడిచిరి. ఆ దినములలోనే పర్యావరణపు అప్పీళ్లను విచారించు జాతీయ ప్రాధికారము ఆ కేంద్రమున కొసంగిన యనుమతిని రద్దుపరచెను. వట్టి కోపముతో వచ్చినవారిని పంపివేయుట సులభము. తమ నేలయం దేమున్నదో పేరుపేరున చెప్పగలవారిని త్రోసివేయుట కష్టము. తమ యూరిని తెలిసికొన్నవారికే తమ యూరిని కాపాడుకొను శక్తి కలుగును.

ఇంతకంటె దారుణమైన ప్రశ్న యొకటి నేటికిని మన గుమ్మములలో నిలిచియున్నది. ఉద్దానమున మధుమేహముగాని, రక్తపుపోటుగాని లేనివారికిని మూత్రపిండములు చెడిపోవుచున్నవి. ఇంటి బరువు మోయు కష్టజీవులు మంచముపట్టుచున్నారు. నీరా, ఎండలోని శ్రమయా, పైరులమీద చల్లు మందులా, మరియేదైననా యని పండితులు వెదకుచున్నారు; ఇదియే కారణమని యింకను తేలలేదు. శ్రీలంకలోను, మధ్య అమెరికాలోను ఇట్టి వ్యాధియే పల్లెలను పీడించుచున్నది. 2002లో ఎల్ సాల్వడార్ దేశపు వైద్యులు తమ రోగులలో పెక్కండ్రకు సాధారణ కారణములు కనబడకుండుట గమనించి ప్రకటించిరి. అట్లు గమనించుటయే అచ్చటి పరిశోధనలకు నాంది. పలాసలో 2023 డిసెంబరున 200 పడకల యాసుపత్రి తెరువబడినది, సంతోషమే. కాని యాసుపత్రి వ్యాధి వచ్చినవారిని చూచును. ఏ నూతి నీరు త్రాగితిమి, ఎన్నిగంటలు ఎండలో పనిచేసితిమి, ఏ మందులు వాడితిమి యను లెక్కలు ఇంటివారే చెప్పవలయును. ‘మా తలవ్రాత’ యని యూరకుండు నిల్లు తన దుఃఖమును తానే భరించును. వ్రాసి యుంచిన యిల్లు పొరుగింటికిని, వైద్యునికిని తోడ్పడును.

కావున మేము పాఠకులకు నొక చిన్న సూచన చేయుచున్నాము. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘ మేర్పడిన నాటినుండి పఠనమందిరములు మన యూళ్లకు జ్ఞానభిక్ష పెట్టుచువచ్చినవి. వానిలో వార్తాపత్రికల బల్లమీదనే యొక తెల్లకాగితపు పుస్తకము నుంచవలయును. దానికి ‘ప్రశ్నల పుస్తకము’ అని పేరు పెట్టవచ్చును. ఎవరికి తోచిన ప్రశ్న నైనను, ఎంత చిన్నదైనను, అందు వ్రాయనిండు. చదువురానివాడు చెప్పగా చదివినవాడు వ్రాయవలయును. నెలకొకసారి యందరును కూడి ఆ ప్రశ్నలను చదివి, జవాబు తెలిసినవారు చెప్పవలయును. తెలియనిచో నెవరు పోయి చూచివత్తురో నిర్ణయింపవలయును. నూతిని గూర్చిన ప్రశ్నకు నూతికడకు పోవలయును. తోటను గూర్చినదానికి తోటకు పోవలయును. ఇందులకు ప్రభుత్వపు టుత్తరువు కావలసినపనిలేదు; అరదస్తా కాగితమును, ఒక కలమును చాలును.

ఉపాధ్యాయులను మేము వేడునది యంతకంటె స్వల్పము. వారమునకొక గంట తాము ప్రశ్నలు వేయుట మాని, పిల్లలచే వేయించుకొనుడు. కొన్నింటికి మీకు జవాబు తెలియకపోవచ్చును. ‘నాకును తెలియదు, కలిసి చూతము రా’ యని పంతులు చెప్పినందువలన గౌరవము తగ్గదు. పర్లాకిమిడిలో నొక పంతులు సవరవానికి శిష్యుడై గౌరవమును పోగొట్టుకొనలేదు. ఆయన జన్మదినమగు ఆగస్టు 29ని మనము తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. ఆనాడు పూలదండలు వేయువారు, మరునాడు తరగతిలో చేయియెత్తిన బాలుని కూర్చుండబెట్టకున్న నంతకు మించిన పూజ లేదు.

రేపు బజారునకు పోవునపుడు మీ బిడ్డ జీడిపండును చూపి ‘ఏల?’ యని యడుగును. తెలిసినచో చెప్పుడు. తెలియకున్న తెలియదని చెప్పి, తెలిసినవా రెవరో యిరువురును కలిసి వెదకుడు. నోరుమాత్రము మూయింపకుడు.