మన ఇంటి మొక్కలు: చలి నిద్ర కావాల్సిన ఫెర్న్



పోయిన నెల మా చెల్లెలి కొడుకు కెనడా నుంచి ఒక ఫోటో పంపిండు. వాగు ఒడ్డున నడుము ఎత్తు పచ్చని ఆకులు, పూలబుట్ట లెక్క గుండ్రంగ లేచినయి. "మామా, దీని గడ్డ ఒకటి పెట్టెల తెస్త. సోలాపూర్‌ల మన చాల్ ముందర పెడుదామా?" అని అడిగిండు. వద్దు బిడ్డా అన్న. ఎందుకో చెప్త.

దాని పేరు ఆస్ట్రిచ్ ఫెర్న్. ఆకు నిప్పుకోడి ఈక లెక్క ఉంటది గనుక ఆ పేరు. కెనడా, అమెరికా ఉత్తర భాగం, ఉత్తర యూరప్, రష్యా, జపాన్‌లలో తడి నేలల, నీడల పెరుగుతది. ఆకు అయిదడుగుల దాకా పోతది. నేల కింద వేర్లు పాకి, అరటి పిలకల లెక్క పక్కన పిల్ల మొక్కలు వేస్తది. అక్కడివాళ్లు ఎండ తగలని పక్కన, రెండడుగుల ఎడంతో, ఆకు ఎరువు వేసి పెంచుతరు. నేల ఆరనియ్యరు.

చలి రాగానే పచ్చని ఆకులు మాడిపోతయి. నడుమ పొట్టిగ, గోధుమ రంగుల ఉన్న ఆకులు మాత్రం మంచుల నిలబడతయి. ఎండిపోయినయి అనుకుంటం గాని, మొక్క వంశం నిలిపే పొడి వాటిల్లనే ఉంటది. చలి పోయినంక రాలుతది. గడ్డ అన్ని నెలలు నిద్రపోతది. మన దగ్గర ఎండ నలభై డిగ్రీలు దాటుతది, ఆ నిద్ర ఎక్కడిది? మూడు షిఫ్టులు చేసినోణ్ణి, నిద్ర లేని ఒళ్లు ఎన్నాళ్లు నడుస్తదో నాకు తెలుసు. పైగా పర్మిట్ లేకుండ బయటి దేశపు మొక్కను తెచ్చుడు చట్టం ఒప్పదు. దాని వెంట తెగులు వస్తే మన రైతులకే నష్టం.

మాటల మాటగ ఇంకొకటి బయటపడ్డది. ఫిడేలు తల లెక్క చుట్టుకున్న దాని లేత మొలకలు అక్కడ కూర చేసుకుంటరు. మావాడు రూమ్‌ల ఊరికే నూనెల అటు ఇటు వేయించి తింటున్నడట! నా గుండె ఝల్లుమన్నది. 1994ల కెనడాల, అమెరికాల హోటళ్లల్ల సరిగ్గ ఉడకని మొలకలు తిని చాలామందికి వాంతులు, విరేచనాలు అయినయి. అక్కడి ఆరోగ్య శాఖ మాట ఏందంటే, బాగ కడిగి, 15 నిమిషాలు ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబొయ్యాలె. మీ పిల్లలు ఆ దేశాలల్ల ఉంటే ఈ మాట ఇయ్యాలనే చెప్పండి.

మన చాల్‌ల నీడ మూలకు కుండీల బోస్టన్ ఫెర్న్ చాలు. వచ్చే నెల దాని సంగతి రాస్త. మావాణ్ణి మాత్రం మంచుల నిలబడ్డ ఆ గోధుమ ఆకుల ఫోటో పంపమన్న.