లైబ్రేరియన్ గారికి ఒక ల్యాబ్ అవర్

మన కాలేజీ ఐఈఈఈ ఎక్స్‌ప్లోర్‌కి చందా కడుతోంది, మన ఫీజుల్లోంచే. అయినా మినీ ప్రాజెక్టుకి లిటరేచర్ సర్వే అనగానే సార్లు చెప్పేది ఒకటే: "గూగుల్ చేయండి". హాస్టల్లో మొబైల్ డేటాతో తెరిస్తే డబ్బు కట్టమంటుంది. దాంతో అబ్‌స్ట్రాక్ట్ ఒక్కటీ చదివి సర్వే రాసేస్తున్నాం. అదే పేపరు క్యాంపస్ నెట్‌వర్క్‌లో మొత్తం వస్తుంది. ఈ సంగతి క్లాసులో చెప్పినవాళ్లు లేరు. అక్రిడిటేషన్ ఫైళ్ల మధ్య సార్లకి మాత్రం ఎవరు నేర్పారు? నేర్పగల మనిషి లైబ్రరీలోనే ఉన్నారు. ఆయన మనకి నో డ్యూస్ సంతకానికే గుర్తొస్తారు!

2025 జనవరి నుంచి ప్రభుత్వ విద్యాసంస్థలకి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద 13,000 దాకా జర్నల్స్ అందుతున్నాయి. మనది ప్రైవేటు కాలేజీ, మనకి రావు. కనీసం కొన్నవైనా వాడాలిగా? ప్రాజెక్టు మొదలయ్యే వారం లైబ్రేరియన్ గారికి ఒక ల్యాబ్ అవర్ ఇమ్మని హెచ్‌ఓడీ గారిని అడుగుదాం. సార్లు కూడా వచ్చి కూర్చోవచ్చు, అటెండెన్స్ తీసుకోం లెండి.