పగ్గం చేతిలో ఉందా?

మొన్నటి శ్రావణమాసంలో ఒక శనివారం ఉదయం యాదగిరిగుట్ట లక్ష్మీనరసింహస్వామి సన్నిధిలో మా దగ్గరి బంధువుల కొత్త కారుకు వాహన పూజ జరిగింది. ఇంటికి పెద్దవాణ్ని కనుక నన్నూ వెంటబెట్టుకు వెళ్లారు. పసుపు కుంకుమలతో స్వస్తిక్ దిద్దారు. పూలదండ వేశారు. కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు ఉంచి, స్వామివారి జయజయధ్వానాల మధ్య బండిని ముందుకు కదిలించారు. అందరి ముఖాల్లోనూ ఆనందం.

తిరుగు ప్రయాణంలో మా మేనల్లుడి కొడుకు కారు నడిపాడు. ఇరవై మూడేళ్లవాడు, బుద్ధిమంతుడు, లైసెన్సు ఉన్నవాడు. "తాతయ్యా, ఇందులో నూట ఇరవై మీద వెళుతున్నా లోపల కూర్చున్నవాళ్లకు తెలియనే తెలియదు" అన్నాడు మురిపెంగా. నేనూ నవ్వాను. ముచ్చటపడ్డానే తప్ప, నెమ్మదిగా వెళ్లు నాయనా అనలేదు.

భువనగిరి దాటిన తరువాత సన్నని జల్లు మొదలైంది. ఒక మలుపు దగ్గర ముందున్న లారీని దాటాలని అబ్బాయి ఒక్కసారిగా వేగం పెంచాడు. బండి వెనుక భాగం పక్కకు జారింది. కంగారుపడి స్టీరింగును అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, బ్రేకు తొక్కాడు. ఏదీ అతని మాట వినలేదు. కారు గిర్రున ఒక చుట్టు తిరిగి రోడ్డు దిగి, మట్టిలో ఆగింది. మాకు మూడు బారల దూరంలో ఒక వృద్ధురాలు గొడుగు కింద కుంపటి పెట్టుకుని మొక్కజొన్న పొత్తులు కాలుస్తోంది. విసనకర్ర చేతిలో అలాగే ఉండిపోయింది.

ఎవరికీ గాయాలు కాలేదు. "పొద్దునే పూజ చేయించాం కనుక స్వామి మనల్ని కాపాడాడు" అని అందరూ చేతులు జోడించారు. నేనూ జోడించాను. ఆ వృద్ధురాలే ముందుగా తేరుకుని, చెంబుతో మంచినీళ్లు తెచ్చి అబ్బాయికి ఇచ్చింది. కోపగించలేదు, శపించలేదు. "జర మెల్లగ పోవాలె బిడ్డా. ఈడ మేం గూడ ఉంటం గద" అన్నది.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. స్వామి మనల్ని కాపాడాడని అన్నాం. బండి మరో మూడు బారలు జారి ఉంటే ఏమని ఉండేవాళ్లం? ఆమె స్వామి బిడ్డ కాదా? ఉదయం మేము చేయించిన పూజలో కారుకు దిష్టి తగలకూడదని కోరుకున్నాం, లోపల కూర్చునేవారు క్షేమంగా ఉండాలని కోరుకున్నాం. కారుకు ఎదురుగా, పక్కగా నడిచేవారి క్షేమం కోసం మాలో ఒక్కరైనా ప్రార్థించామా? నిజం చెప్పాలంటే, ఆ తలంపే మాకు రాలేదు.

వాహన పూజ మన సంప్రదాయంలో ఉన్న గొప్ప ఆచారం. విజయదశమికి ఆయుధాన్ని, పనిముట్టును, వాహనాన్ని పూజించడంలో లోతైన అర్థం ఉంది. మన చేతికి వచ్చిన శక్తి మనది కాదు, దైవం అప్పగించినది, దాన్ని ధర్మంగా వినియోగిస్తామని మాట ఇవ్వడమే ఆ పూజ. అందుకే ఏ పూజకైనా ముందు సంకల్పం చెప్పుకుంటాం. కాలక్రమంలో సంకల్పం వెనక్కిపోయి, నిమ్మకాయ మిగిలింది. పూజ చేయించాం కదా, ఇక ఏమీ కాదులే అనే ధీమా మిగిలింది. దేవునికి ఇవ్వవలసిన మాటను దేవుని దగ్గర తీసుకునే హామీగా మార్చుకున్నాం. నా అభిప్రాయంలో నేటి మన భక్తికి పట్టిన దోషం ఇదే.

ఆనాడు ఆ మలుపులో జరిగినదేమిటో తరువాత తెలిసినవారిని అడిగి తెలుసుకున్నాను. ఎంత పెద్ద కారైనా నేలను తాకేది నాలుగు టైర్లతోనే. ఒక్కొక్క టైరు నేలను అంటిపెట్టుకునే చోటు సుమారు మన అరచేయి అంత. అంటే నాలుగు అరచేతుల పట్టు మీద మన ప్రాణాలన్నీ ప్రయాణిస్తున్నాయి. ఆ పట్టు మూలధనం వంటిది. మలుపు తిరగడానికి కొంత ఖర్చవుతుంది, వేగం పెంచడానికి కొంత, బ్రేకు వేయడానికి కొంత. మూడింటికీ ఒకేసారి ఖర్చుపెడితే మూలధనం హరించుకుపోతుంది. రోడ్డు తడిసి ఉంటే ఆ మూలధనమే తక్కువ. ఇంజను శక్తి ఎంత ఎక్కువైతే పాదం చేసే చిన్న పొరపాటు అంత పెద్దదవుతుంది. కారులో ఎన్ని రక్షణ యంత్రాలు అమర్చినా, టైరుకు రోడ్డు మీద లేని పట్టును అవి సృష్టించలేవు.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు వెళుతుంది. 120 కిలోమీటర్ల వేగంలో 33 మీటర్లు. ఎదుట మనిషిని కన్ను చూసి, బుద్ధి గ్రహించి, పాదం బ్రేకు మీదికి చేరేలోపు ఒక సెకనైనా గడుస్తుంది. వేగం రెట్టింపైతే ఢీకొనే శక్తి నాలుగు రెట్లవుతుంది, బ్రేకు పడ్డాక ఆగడానికి పట్టే దూరమూ నాలుగు రెట్లవుతుంది. ఈ లెక్క పూజ చేసిన బండికీ, చేయని బండికీ ఒక్కటే. ప్రకృతి నియమం కూడా పరమేశ్వరుని శాసనమే కదా! దాన్ని ఉల్లంఘించి ఆయన రక్షణ కోరడం ఏ పాటి భక్తి?

మహాభారతం అరణ్యపర్వంలోని నలోపాఖ్యానం మనందరికీ తెలుసు. నలుణ్ణి దమయంతీ వల్లభునిగానే తలుచుకుంటాం కానీ, ఆయన అశ్వవిద్యలో సాటిలేనివాడు. అయోధ్యాధిపతి ఋతుపర్ణుని కొలువులో బాహుకుడనే పేరుతో, వికృతరూపంతో ఉన్నప్పుడు, ఒక్క రోజులో విదర్భకు చేరాలని రాజు ఆజ్ఞాపించాడు. బాహుకుడు చూపుకు బక్కగా కనిపించే గుర్రాలను ఎంచి రథానికి పూన్చాడు. రథం గాలిలా సాగింది. దారిలో రాజు ఉత్తరీయం జారిపడింది. రథం ఆపించి దాన్ని తెప్పించమని రాజు అడిగితే, అది అప్పుడే యోజన దూరం వెనుకబడిపోయింది, ఇక దొరకదు అన్నాడు బాహుకుడు. వేగం ఎంతటిదో చెప్పడానికి వ్యాసుల వారు కల్పించిన ఘట్టం ఎంత అర్థవంతమైనదో చూడండి. మహావేగంలో చేయి జారినదాన్ని తిరిగి తెచ్చుకోలేం. ఆనాడు జారినది ఉత్తరీయం. ఈనాడు రోడ్ల మీద జారిపోతున్నవి ప్రాణాలు.

అంతటి అశ్వహృదయవేత్త రాజ్యాన్ని ఎలా పోగొట్టుకున్నాడు? పాచికల ముందు తన మనసును పట్టుకోలేకపోయాడు. పన్నెండేళ్లు అవకాశం కోసం కాచుకుని ఉన్న కలిపురుషుడు, ఒక సాయంత్రం నలుడు కాళ్లు కడుక్కోకుండా సంధ్యకు కూర్చున్న చిన్న ఏమరుపాటులో ఆయనలో ప్రవేశించాడు. గుర్రాల మనసు తెలిసినవానికి తన మనసు వశం తప్పింది. వాహనాన్ని నడిపే నేర్పు వేరు, తనను తాను నడుపుకునే నేర్పు వేరు. "మా వాడు కారు అద్భుతంగా నడుపుతాడు" అని మురిసిపోయే తల్లిదండ్రులు ఈ భేదాన్ని గుర్తించాలి. పన్నెండేళ్లు జాగ్రత్తగా నడిపినవాడికైనా ప్రమాదం కావలసింది ఒక్క క్షణం.

శరీరం రథమనీ, ఇంద్రియాలు గుర్రాలనీ, మనసు పగ్గమనీ, బుద్ధి సారథి అనీ కఠోపనిషత్తు ఏనాడో బోధించింది. అర్జునుని రథానికి నాలుగు గుర్రాలు. వాటిని నడపడానికి సాక్షాత్తు శ్రీకృష్ణ పరమాత్మ పగ్గాలు పట్టవలసి వచ్చింది. నేటి కార్ల బలాన్నీ అశ్వశక్తిలోనే కొలుస్తున్నారు. ఒకనాడు మన మధ్యతరగతి ఇళ్లకు వచ్చిన మారుతి 800 కారు బలం నలభై అశ్వశక్తికి లోపే. ఇప్పుడు నాలుగు వందలకు మించిన కార్లూ మన వీధుల్లో తిరుగుతున్నాయి. గుర్రాలు పదింతలయ్యాయి. సారథి మాత్రం అదే మనిషి. వాడి కోపం, పోటీ, గొప్ప చూపించుకోవాలనే ఉబలాటం ఏమీ తగ్గలేదు.

2019 నవంబరు 23న హైదరాబాదు బయోడైవర్సిటీ కూడలి పైవంతెన మీద నుంచి వేగంగా వెళుతున్న ఒక కారు అదుపుతప్పి కిందికి పడింది. వంతెన మీద పరిమితి 40 కిలోమీటర్లు. కారు వేగం నూరు దాటిందని పోలీసులు తెలిపారు. కింద రోడ్డు పక్కన నిలబడిన ఒక మహిళ ప్రాణాలు కోల్పోయింది. ఆమె చేసిన తప్పేమిటి? 2024 మే 19న పుణేలో ఒక ఖరీదైన కారు మోటారు సైకిలును ఢీకొని ఇద్దరు యువ ఇంజనీర్లు మరణించారు. కారు నడిపినది పదిహేడేళ్ల బాలుడని పోలీసులు చెప్పారు. అదే రోజు బాలుడికి బెయిలు ఇస్తూ, 300 పదాల వ్యాసం రాయాలని కూడా షరతు పెట్టారని తెలిసి దేశమంతా నివ్వెరపోయింది. కేంద్ర రహదారి రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. అందులో నూటికి డెబ్బై పైగా మరణాలకు అతివేగమే కారణమని ఆ నివేదికే చెబుతోంది. మృతుల్లో ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు కాలినడకన వెళ్లేవారు.

"అంతా విధి రాత, మన చేతుల్లో ఏముంది?" అనే మాట ఇలాంటి సమయాల్లో వినిపిస్తుంది. కడుపుకోత అనుభవిస్తున్న తల్లిని ఓదార్చడానికి ఆ మాట పనికిరావచ్చు. ప్రమాదానికి కారణమైనవాడు ఆ మాట చాటున దాక్కోకూడదు. మన పెద్దలు దైవంతో పాటు పురుషకారాన్నీ చెప్పారు. ఎదురుగా వచ్చేది దైవాధీనమే కావచ్చు. పాదం కింద ఉన్న బ్రేకు మాత్రం పురుషకారమే. దాన్ని వదిలిపెట్టి విధిని నిందించడం కర్మ సిద్ధాంతానికే అపచారం.

అన్నిటికంటే పెద్ద బాధ్యత ఇంటి పెద్దలది. పదో తరగతి పాసైతే బైకు, ఇంజనీరింగు సీటు వస్తే కారు అని బిడ్డకు ఆశ చూపుతున్నాం. మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకునికి లేదా వాహన యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా విధించేలా 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దవుతుంది, ఆ బిడ్డకు 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. చట్టం భయపెడుతుందని కాకపోయినా, తాళంచెవి బిడ్డ చేతికి ఇచ్చే క్షణంలో మనం ఒక ఆయుధాన్ని ఇస్తున్నామని గ్రహించాలి. కొడుక్కి గాండీవం ఇవ్వడానికి ముందు ఇంద్రియ నిగ్రహం నేర్పని గురువు మన పురాణాల్లో లేడు.

పక్కన కూర్చున్న పెద్దలకూ బాధ్యత ఉంది. ఆనాడు నేను నవ్వి ఊరుకున్నాను. సారథి తప్పుదారి పడుతుంటే చూస్తూ మురిసినవాడికి ఆ తప్పులో భాగం ఉండదా? ఆ రాత్రి పూజగదిలో దీపం ముందు కూర్చుని, ఆ భాగాన్ని నేను ఒప్పుకున్నాను. మరునాడు అబ్బాయిని పిలిచి అదే చెప్పాను. "తప్పు నాది తాతయ్యా" అన్నాడు. "మన ఇద్దరిదీ" అన్నాను.

అందుకే పాఠకులకు నా విన్నపం. ఇకమీదట వాహన పూజ చేయించేటప్పుడు నిమ్మకాయలతో పాటు ఒక సంకల్పం కూడా ఉంచండి. వాహనం నడపబోయే వ్యక్తి చేతనే, దేవుని ఎదుట, సొంత మాటల్లో చెప్పించండి: మత్తులోనూ కోపంలోనూ స్టీరింగు పట్టను, పరిమితి దాటి వేగం పెంచను, వానలోనూ మలుపులోనూ పోటీపడను, నడిచి వెళ్లేవారికి దారి ఇస్తాను. పక్కన కూర్చునే పెద్దలు కూడా వేగం మితిమీరితే మౌనంగా ఉండబోమని మాట ఇవ్వాలి. చక్రాల కింద నిమ్మకాయ నలిగేటప్పుడు మన అహంకారమూ నలగాలని కోరుకోవాలి.

నలుని కథలో మరొక్క విశేషం ఉంది. విదర్భకు త్వరపడి వెళుతున్న ఆ ప్రయాణంలోనే, ఒక తాండ్ర చెట్టు దగ్గర బాహుకుడు రథం ఆపాడు. ఆలస్యమవుతుందని రాజు తొందరపెట్టినా ఆపాడు. అక్కడే ఋతుపర్ణుని నుంచి అక్షహృదయ విద్యను పొందాడు. అక్కడే కలి ఆయనను విడిచి పారిపోయాడు. రథం గాలివేగంతో పరుగెత్తినంతసేపూ కలి ఆయనలోనే ఉన్నాడు. విముక్తి లభించినది రథం ఆగిన చోట.

మొన్న మళ్లీ ఆ దారిన గుట్టకు వెళ్లాం. అబ్బాయే నడిపాడు. ఆ మలుపు రాకముందే వేగం తగ్గించి, రోడ్డు పక్కన బండి ఆపాడు. దిగి వెళ్లి ఆ అవ్వకు నమస్కరించి, నాలుగు పొత్తులు కొన్నాడు. స్వామి దర్శనం మాకు అక్కడే మొదలైంది.